రాజు, రాణి, జాకీ ఇక చెల్లవు

డబ్బు పెట్టి కొనుక్కున్న వస్తువు మన దగ్గర ఎక్కువ కాలం ఉండటం మన ఆరోగ్యానికి మంచిది కాదని డిజిటల్ కార్డ్ గేమ్ కంపెనీలు ఎప్పుడో కనిపెట్టాయి, మనకే ఆలస్యంగా తెలుస్తోంది. పోయిన వారం నేను ఆడే గేమ్‌లో (పేరెందుకులెండి, అన్నీ ఆ తానులో ముక్కలే) అప్‌డేట్ దిగాక స్క్రీన్ నిండా రంగు కాగితాలు రాలాయి, బాకా మోగింది, మధ్యలో బంగారు అంచుల పలక ఒకటి తేలి వచ్చి ‘అభినందనలు! మీ కార్డులు కొత్త ప్రయాణం మొదలుపెట్టాయి’ అంది. ఎవరి పెళ్లో అనుకున్నా. కిందికి జరిపి చూస్తే నా డ్రాగన్ డెక్‌లో (ఆటకు కట్టుకున్న కార్డుల కట్టలెండి) సగానికి పైగా కార్డులకు బూడిద రంగు పూసి ఉంది. ఇక మీదట అందరూ ఆడే మోడ్‌లో అవి పనికిరావట. పలక కింద ఒకటే బటన్. ‘అద్భుతం!’

రెండో బటన్ లేదు. ‘సరే’ లేదు, ‘ఏడ్చినట్టుంది’ లేదు, కనీసం పై మూలన ఇంటూ గుర్తు కూడా లేదు. నా కార్డులు నేను ఆడకూడదని వాళ్లు చెప్పడం, దానికి నేను అద్భుతం అని ఒప్పుకోవడం, ఒప్పుకుంటేనే గేమ్ ముందుకు కదలడం. నొక్కాను, ఏం చేస్తాం.

ఈ ఆచారానికి ఘనమైన చరిత్రే ఉంది, తక్కువ చేసి మాట్లాడకూడదు. 1993లో రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల పండితుడు మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట తయారుచేశాడు. 1995 వచ్చేసరికి కార్డులు మరీ ఎక్కువైపోయాయని టోర్నమెంట్ల కోసం ‘టైప్ 2’ అని ఒక పద్ధతి పెట్టారు, కొత్తగా విడుదలైన కార్డుల సెట్లే ఆడాలి, పాతవి పక్కన. అదే తర్వాత స్టాండర్డ్ అయింది. కానీ అవి కాగితం కార్డులు. టోర్నమెంట్‌లో వద్దంటే ఇంట్లో అరుగు మీద ఆడుకోవచ్చు, అమ్ముకోవచ్చు, తమ్ముడికి ఇవ్వొచ్చు. ఆ 1993 నాటి బ్లాక్ లోటస్ కార్డు ఒకటి 2021లో వేలానికొస్తే 5 లక్షల డాలర్లకు పైనే పలికింది. పాతబడ్డందుకు దానికి దక్కిన శిక్ష అది.

కంప్యూటర్లోకి, ఫోన్లోకి వచ్చాక కథ మారింది. బ్లిజార్డ్ కంపెనీ వాళ్ల డిజిటల్ కార్డ్ గేమ్ హార్త్‌స్టోన్ 2014 మార్చిలో వచ్చింది, 2016 ఏప్రిల్ 26న స్టాండర్డ్ (కొత్త సెట్లే చెల్లేది), వైల్డ్ (అన్నీ చెల్లేది) అని రెండుగా చీలింది. నాక్స్‌రామస్, గోబ్లిన్స్ వర్సెస్ నోమ్స్ అనే రెండు సెట్లు వైల్డ్‌కు పోయాయి. ‘రెండేళ్లు నడుస్తాయి’ అని అందరూ అలవాటుగా అంటుంటారు గానీ లెక్క చూడండి, గోబ్లిన్స్ వచ్చింది 2014 డిసెంబర్‌లో, అంటే 16 నెలలు. డాక్టర్ బూమ్ అనే కార్డు ఉండేది, ఏడు మానా (కార్డు దింపడానికి ఖర్చయ్యే శక్తి) పెడితే ఏడుకు ఏడు బలం, పక్కన రెండు బాంబు బొమ్మలు ఫ్రీ. అది లేని డెక్ అప్పట్లో డెక్కే కాదు. దాని కోసం ప్యాకులు చింపీ చింపీ సంపాదించుకున్నవాళ్లకు పొద్దున్నే లేచి చూస్తే డాక్టర్ గారు బదిలీ. అదే 2016 అక్టోబర్‌లో మన ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, పాలమూరు నాలుగైంది, కానీ ‘మీ పొలం పాత జిల్లాది, ఇక దున్నకూడదు’ అని ఎవరూ అనలేదు. (ధరణి సంగతి ఇంకో రోజు మాట్లాడుకుందాం.)

2017లో ఇంకో ముచ్చట. ఎప్పటికీ పోవని చెప్పిన క్లాసిక్ సెట్‌లోంచే రాగ్నరోస్, సిల్వానస్, అజ్యూర్ డ్రేక్ లాంటివాటిని తీసి ‘హాల్ ఆఫ్ ఫేమ్’ అని పేరుపెట్టారు. పీకేయడాన్ని శాలువా కప్పి చేశారన్నమాట. న్యాయంగా చెప్పాలంటే అప్పుడు కార్డు మన దగ్గరే ఉంచి, దాని పూర్తి విలువ డస్ట్ (కార్డులు తయారుచేసుకోవడానికి వాడే పొడి) కూడా చేతిలో పెట్టారు. ఆ మర్యాద మామూలు సెట్లు పోయేటప్పుడు ఏమైపోతుందో తెలియదు.

ఈ తతంగం ఏటా సరిగ్గా ఉగాది దగ్గర్లో, మార్చి ఏప్రిల్‌లలో జరుగుతుంది. ప్రతి సంవత్సరానికీ పేరు కూడా పెడతారు: క్రాకెన్, మామత్, రేవెన్, డ్రాగన్, ఫీనిక్స్, గ్రిఫాన్. మన పెద్దలు అరవై పేర్లు పెట్టి అరవై ఏళ్ల తర్వాత మళ్లీ ప్రభవ దగ్గరికి రానిచ్చారు, వీళ్లకు ఆ ఓపిక లేదు. పంచాంగ శ్రవణం మాత్రం మనమే చేసుకోవాలి కాబట్టి చెప్తున్నా, వినండి. కార్డు ఎంత అరుదో చెప్పే తరగతులే ఇక్కడ రాశులు. కామన్ రాశివారికి ఆదాయం 5, వ్యయం 40. రేర్ రాశివారికి ఆదాయం 20, వ్యయం 100. ఎపిక్ రాశివారికి ఆదాయం 100, వ్యయం 400. లెజెండరీ రాశివారికి ఆదాయం 400, వ్యయం 1600, రాజపూజ్యం 16 నెలలు, అవమానం ఆ తర్వాత జీవితాంతం. ఇవి నేను కల్పించినవి కావు, హార్త్‌స్టోన్‌లో కార్డు తయారుచేసుకుంటే పోయే డస్ట్, అదే కార్డును పొడి చేస్తే వచ్చే డస్ట్.

ఇంత గొప్ప పద్ధతి ఫోన్లకే పరిమితం కావడం అన్యాయం. మన దగ్గర తరతరాలుగా ఒకే 52 ముక్కలతో, ఒక్క అప్‌డేట్ కూడా లేకుండా, పత్తాలాట ఆడుతున్నారు. డిజైన్ స్పేస్ (కొత్త కార్డులు కనిపెట్టడానికి కావలసిన జాగా) అంటే ఏమిటో కూడా తెలియకుండానే తాతలు పోయారు, నాన్నలు ముసలివాళ్లయ్యారు. వాళ్లకూ రొటేషన్, అంటే పాత ముక్కలు పక్కకు నెట్టి కొత్తవి దింపే ఈ పద్ధతి, అందించాలి.

దసరా మర్నాడు అనుకోండి. దేవరకొండ రోడ్డు మీద ఏదో ఊరు, వేపచెట్టు కింద చాప, దాని మీద పెద్ద కాక, మామ, బావ, రిటైరైన హెడ్మాస్టర్ సారు. పల్లీలు పందెం పెట్టుకుని ఆడుతున్నారు (పల్లీలే, ఎస్‌ఐ గారు కూడా చదువుతారు). కాక చేతిలో ఆఠీన్ రాజు, రాణి, జాకీ వరసగా పడ్డాయి, ఇంకో ముక్క వస్తే షో. అప్పుడే బండి మీద ఒక పిల్లగాడు దిగాడు, మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు.

“నమస్తే కాకా, పత్తాల కంపెనీ నుంచి వచ్చిన. శుభవార్త. ఇయ్యాల్టి నుంచి గద్ద సంవత్సరం మొదలైంది.”

“అయితే?”

“బొమ్మ పత్తాలన్నీ, అంటే రాజు, రాణి, జాకీ, కొత్త ప్రయాణం మొదలుపెడుతున్నయి.”

“యాడికి వోతున్నయి?” అన్నాడు మామ, తన ముక్కలు ఛాతీకి ఆనించుకుంటూ.

“యాడికి పోవు మామా, మీ దగ్గర్నే ఉంటయి. ఆడరాదు, అంతే.”

“నా దగ్గరుండి ఆడకపోతే ఉప్పు, కారం పెట్టుకుని తినాల్నా?”

“అట్ల కాదు. అగో, ఆ బర్రెల కొట్టం పక్కన ఇంకో చాప ఏసినం, దాన్ని వైల్డ్ అంటరు. ఆడ అన్ని పత్తాలు నడుస్తయి.”

అందరూ అటు చూశారు. చాప మీద ఒక తాత ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇప్పటిదాకా అచ్చైన ప్రతి జోకరూ ఆయన చేతిలోనే ఉంది. ఎదురుగా ఎవరైనా కూర్చుంటే రెండో ముక్కకే షో కొడతాడు, అందుకే ఎవరూ కూర్చోరు.

హెడ్మాస్టర్ సారు కళ్లజోడు సర్దుకున్నాడు. “బాబూ, తీసేయడానికి కారణం ఏమిటో కాస్త వివరిస్తావా?”

“రాజులు ఉన్నంత కాలం కొత్త పత్తాలకు అవకాశం రావట్లేదు సార్. ఇప్పుడు పదకొండు వస్తుంది, పన్నెండు వస్తుంది. పదమూడున్నర కూడా వస్తుంది, అది లెజెండరీ. పాత రాజులు నాలుగూ ఇచ్చేస్తే మీకు పదమూడున్నర ఒకటి ఇస్తం.”

“నాలుగు రాజులకు ఒకటా?”

“దాని మీద మెరుపు కూడా ఉంటది సార్. ఇంకోటేందంటే, కొత్తగా నేర్చుకునే పిల్లలకు రాణి, జాకీ పరేషాన్ చేస్తున్నయట.”

బావ కొడుకు పక్కనే పల్లీలు తింటున్నాడు, ఎనిమిదేళ్లవాడు. “నాకేం పరేషాన్ లేదు, గిది రాణి, గిది జాకీ” అని వేలు పెట్టి చూపించాడు. కంపెనీ పిల్లగాడు వాడి వైపు చూడలేదు. ఈలోగా కాకకు కావలసిన ముక్క వచ్చింది. పన్నెండు గంటల నుంచి ఎదురుచూస్తున్న ముక్క.

“షో!”

“చెల్లదు కాకా. అండ్ల జాకీ ఉన్నది.”

“నిన్న చెల్లింది కదరా!”

“నిన్నటిది వేరే సంవత్సరం కాకా. ఫుల్ కౌంట్, ఎనభై. ఇగో, ఈడ సంతకం పెట్టు, ‘అద్భుతం’ అని రాసి పెట్టు.”

ఆ తర్వాత ఏం జరుగుతుందో నల్లగొండ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ముందు బండి తాళం పోతుంది. తర్వాత ట్యాబు బర్రెల కొట్టంలోకి పోతుంది. చీకటి పడ్డాక సర్పంచ్ ఫోన్ చేస్తే తప్ప పిల్లగాడు ఊరి పొలిమేర దాటడు. అదే పని ఫోన్లో చేస్తే మాత్రం మనం అద్భుతం నొక్కి, ప్యాక్ ధర ఎంతో చూసుకుంటున్నాం.

వాళ్లు చెప్పే కారణాలు నాకు తెలియక కాదు. ప్రతి కొత్త కార్డునూ పాత కార్డులన్నిటితో కలిపి చూడాలి, ఎక్కడ ఏ రెండు కలిస్తే ఆట పగిలిపోతుందో పట్టుకోవాలి, సెట్లు పెరిగేకొద్దీ అది మోయలేని పని. పాతవన్నీ ఉంటే కొత్తగా వచ్చినవాడు దుకాణం మొత్తం కొనాల్సి వస్తుంది. అదే రెండు మూడు డెక్‌లు ఏళ్ల తరబడి ఎదురైతే ఆట విసుగొస్తుంది. అన్నీ నిజాలే, ఒప్పుకుంటా. హార్త్‌స్టోన్ 2021 నుంచి కోర్ సెట్ పేరుతో కొన్ని కార్డులు అందరికీ ఉచితంగా ఇస్తోంది, మ్యాజిక్ వాళ్లు 2023లో స్టాండర్డ్ గడువును రెండేళ్ల నుంచి మూడేళ్లకు పెంచారు. అంటే చేయాలనుకుంటే చేయొచ్చని వాళ్లకూ తెలుసు.

నాకు కడుపు మండేది ‘కొత్తవాళ్ల కోసం’ అన్న మాట దగ్గర. ఎవడయ్యా కొత్తవాడు? మహబూబ్‌నగర్ బస్టాండ్ దగ్గర మొబైల్ షాపులో స్క్రీన్‌గార్డులు అతికించే పిల్లగాడు ఒకడున్నాడు, నాతోపాటే ఆడతాడు. పోయిన ఏడాది వాడే కొత్తవాడు. వాడి కోసమే అప్పుడు ఇంకెవరివో కార్డులు తీసేశారు. వాడు జీతంలోంచి కొంచెం కొంచెం పెట్టి, రాత్రి షాపు మూశాక రోజువారీ టాస్కులు చేసుకుని, ఒక్క డెక్ కట్టుకున్నాడు. ఒక్కటే. దాన్ని ఎలా ఆడాలో, ఏ టర్న్‌లో ఏది ఆపుకోవాలో వాడికి వేళ్ల మీద ఉంటుంది. ఇప్పుడు వాడి డెక్ బూడిద రంగు. ఇంకొక కొత్తవాడి కోసమట. ఆ వచ్చేవాడికి మాత్రం ఎన్నాళ్లు? వాడినీ ఇలాగే సాగనంపుతారు, బాకా ఊది మరీ.

పోనీ అమ్ముకుందామంటే అమ్మరాదు. ఎవరికైనా ఇద్దామంటే ఇవ్వరాదు. నిబంధనల్లో అడుగున రాసి ఉంటుంది, కార్డులు నీవి కావు, ఆడుకోవడానికి అనుమతి మాత్రమే ఇచ్చాం అని. కొనేటప్పుడు మాత్రం బటన్ మీద ‘కొనండి’ అనే ఉంటుంది. 2017లో మన రాష్ట్రం చట్టం సవరించి డబ్బులు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటాన్ని నేరం చేసింది, మంచిదే, ఎన్ని కొంపలు మునిగాయో మనం చూశాం. రమ్మీలో పోతే పోయిందని తెలుస్తుంది కనీసం. ఇక్కడ గెలిచినా పోతుంది, ఓడినా పోతుంది, ఊరికే కూర్చున్నా క్యాలెండర్ తిరిగితే పోతుంది. పాతది అడ్డమొస్తోందని ఇంత ధైర్యంగా చెప్పేవాళ్లను ఒకసారి మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గరికి తీసుకుపోవాలి. ఏడు వందల ఏళ్ల చెట్టంటారు, మూడెకరాల మేర పరుచుకుంది. చెదలు పట్టి కొమ్మలు విరిగితే 2018లో ఆఫీసర్లు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందెక్కించి బతికించారు. కింద కొత్త మొక్కలకు నీడ అడ్డమని ఎవరూ నరకలేదు. వీళ్లకు అంత కష్టం కూడా లేదు, సర్వర్‌లో ఒక గీత అటు నుంచి ఇటు జరపడం. డబ్బు తీసుకుని, ఇచ్చింది లాక్కుని, పైగా ఆ పిల్లగాడి చేత అద్భుతం అనిపించుకుంటారా? సిగ్గుండాలి కదా!

నిన్న రాత్రి ఆ మొబైల్ షాపు పిల్లగాడే ఫోన్ చేశాడు. గొంతులో మంచి హుషారు.

“అన్నా, నాలుగు లెజెండరీలు పొడి చేసిన. గద్ద రాజును తయారుచేసిన. సూపర్ కార్డన్నా!”

“నాలుగు ఇచ్చి ఒకటి తెచ్చుకున్నవా?”

“మరి అవి ఎట్లయినా నడవవు కదన్నా.”

నేనేం మాట్లాడలేదు. ఒక ఆట ఆడదాం రమ్మన్నాడు, ఆడాం. నాకు మిగిలిన చెత్త కార్డుల చేతిలోనే వాడు ఆరో టర్న్‌కు ఓడిపోయాడు. గద్ద రాజు డెక్ అడుగునే ఉండిపోయింది.