యోవేలులో మిడతలు మాత్రమే లేవు
బైబిల్లోని యోవేలు ప్రవక్త గ్రంథం గురించి ఒక వ్యాసం చదివాను. ఆ గ్రంథమంతా దేవుడి తీర్పే, అంటే శిక్షే అన్నారు వ్యాసకర్త గారు. నేను ఒప్పుకోను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా కొబ్బరి, జీడి తోటలు తెల్లారేసరికి నేలకొరిగాయి. ఆ ఆదివారం చర్చిలో ఒకాయన ‘మన పాపానికి శిక్ష’ అనేశారు. (కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఆయనకి తెలీదేమో!) యోవేలు మొదటి అధ్యాయంలోనూ మిడతల దండు వచ్చిపడి చెట్లు పోయాయి: అంజూరం, దానిమ్మ, ఈత. కానీ రెండో అధ్యాయం చదవండి. 12, 13 వచనాల్లో బట్టలు కాదు, గుండెలు చింపుకుని నా దగ్గరకి తిరిగి రండి అంటాడు దేవుడు. 25లో మిడతలు తినేసిన సంవత్సరాల పంట మళ్లీ ఇస్తానంటాడు. ఒక్క కాపు కాదండీ, ఏళ్లకి ఏళ్లు! పెంతెకొస్తు రోజున, అంటే శిష్యుల మీదకి పరిశుద్ధాత్మ దిగొచ్చిన రోజున, యేసు శిష్యుడు పేతురు ఎత్తి చెప్పిందీ ఈ అధ్యాయం చివరి మాటలే.