దుబాయ్ డిక్రీ వస్తే కడపలో ఇల్లు జప్తు అంట, ఎవరు చెప్పినారప్పా మీకు?

కడప, రాజంపేట వైపు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతా ఉంది. అందులో ఉండేది ఇదీ: గల్ఫ్‌లో కంపెనీ గురించి గానీ, పంపించిన ఏజెంట్ గురించి గానీ ఫేస్‌బుక్‌లో రాసినారంటే వాళ్ళు ఆడ కోర్టులో పరువునష్టం కేసు వేస్తారంట, ఆ డిక్రీ, అంటే ఆడ కోర్టు ఇచ్చిన తీర్పు ఉత్తర్వు, తెచ్చి కడప కోర్టులో పెడితే మారు మాట లేకుండా ఇల్లూ పొలమూ వేలమంట, జరిమానా జైలు కూడా ఈడే అనుభవించాలంట, అమెరికా వాళ్ళకు దీనికి చట్టం ఉంది గానీ మనకు ఏ అడ్డమూ లేదంట, కాబట్టి నోరు మూసుకోని ఉండండి అని.

మా మేనమామ కొడుకు దుబాయ్‌లో మూడేండ్లు పని చేసి నాలుగు నెలల జీతం రాకుండానే ఇంటికొచ్చినాడు. ఆ సంగతి పోస్ట్ పెట్టినాడు, ఈ మెసేజ్ చూసి రాత్రికి రాత్రి తీసేసినాడు. వాళ్ళమ్మ ఇంకా నిద్రపోలేదు, ఇల్లు పోతాదేమో అని. నేను కడప కోర్టు కాడ లాయర్ ఆఫీసులో గుమాస్తాగా చేస్తా, ఈపీలు, అంటే డిక్రీ అమలు చేయమని వేసే పిటిషన్లు, రోజూ చూసే పనే నాది, అందుకే ఊరుకోలేక రాస్తా ఉన్నా.

మొదటిది, మారు మాట లేకుండా జప్తు అనే మాట. దీంట్లో సగం నిజం ఉంది, అదే జనాన్ని భయపెడతా ఉండేది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 44ఏ సెక్షన్ ఉంది, మన కేంద్రం నోటిఫై చేసిన దేశాల పై కోర్టులు ఇచ్చిన డబ్బు డిక్రీని మన జిల్లా కోర్టులో నేరుగా ఈపీ వేసుకోవచ్చు. యూఏఈని 2020 జనవరిలో ఆ లిస్టులో చేర్చినారు, నిజమే. కానీ అదే 44ఏ లో మూడో క్లాజు చదవండి: 13వ సెక్షన్‌లో చెప్పిన లోపాల్లో ఏ ఒక్కటి ఉందని చూపించినా జిల్లా కోర్టు అమలు చేయకూడదు. ఏమిటా లోపాలంటే, ఆ కోర్టుకు మనమీద అధికారం లేకపోవడం, కేసు లోతుపాతులు చూడకుండా తీర్పు ఇవ్వడం, మన చట్టం వర్తించే చోట దాన్ని పట్టించుకోకపోవడం, మన మాట వినే అవకాశం ఇవ్వకపోవడం, మోసంతో తెచ్చుకోవడం, మన దేశ చట్టాన్ని ఉల్లంఘించే క్లెయిముకు డిక్రీ ఇవ్వడం.

ఇందులో మన పిల్లోళ్ళకు అన్నిటికన్నా ముఖ్యమైంది అధికారం సంగతి. దీనికి పాత కేసు ఒకటి ఉంది, అచ్చం మన గల్ఫ్ కథే అది. ఫరీద్‌కోట్ రాజా దగ్గర ఖజానా చూసే ఆయన పని మానేసి వేరే సంస్థానానికి పోయినాడు, ఆ తర్వాత రాజా తన కోర్టులోనే ఆయన మీద డబ్బు కేసు వేసి ఆయన లేకుండానే డిక్రీ తెచ్చుకున్నాడు. 1894లో ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మనకు లండన్‌లో ఉండిన ఆఖరి అప్పీలు కోర్టు, ఏం చెప్పిందంటే, కేసు వేసేటప్పటికి ఆయన ఆడ లేడు, ఆ కోర్టుకు ఒప్పుకోనూ లేదు, కాబట్టి ఆ డిక్రీ బయట చెల్లదు అని. ఆ సూత్రం మన కోర్టుల్లో ఇప్పటికీ నడుస్తా ఉంది. అంటే ఇంటికొచ్చేసిన తర్వాత, ఇంట్లో కూర్చోని రాసిన దానికి, ఆడ కేసు వేసి డిక్రీ తెచ్చినా ఈడ ఎదురు చెప్పడానికి గట్టి ఆధారం ఉంది. కేసు పడినప్పుడు మనిషి ఇంకా దుబాయ్‌లోనే ఉండి ఉంటే మాత్రం ఈ మాట పనికిరాదు.

ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ఎదుటోడు కోర్టుకు రాకుండానే ఇచ్చే డిక్రీ, దాని సంగతి కూడా రోంత చెప్పాల. సాక్ష్యం చూడకుండా, ఎదుటోడు రాలేదు కాబట్టి డిక్రీ అన్నట్టు ఇస్తే అది లోతుపాతులు చూసి ఇచ్చిన తీర్పు కాదని 2001లో సుప్రీం కోర్టే చెప్పింది. అట్లని సమన్లు వస్తే చింపి పారేయొద్దు, తొందరపడి ఆడ వకీలును పెట్టి హాజరు కావొద్దు కూడా, ఎందుకంటే హాజరై వాదిస్తే ఆ కోర్టు అధికారం ఒప్పుకున్నట్టు లెక్క కట్టే ప్రమాదం ఉంది. ముందు ఈడ సివిల్ లాయర్‌కు చూపించండి.

జరిమానా అనే మాట పూర్తిగా తప్పు. 44ఏ కింద డిక్రీ అంటే డబ్బు చెల్లించాల్సిన డిక్రీనే, అందులోనూ పన్నులు, జరిమానాలు రావు అని సెక్షన్‌లోనే రాసి ఉంది. ఆడ క్రిమినల్ కోర్టు వేసిన జైలు శిక్షను ఈ దోవలో ఈడ అమలు చేయించలేరు.

కువైట్ సంగతి మెసేజ్‌లో దుబాయ్‌తో కలిపేసినారు. మన వైపు నుంచి చానామంది పోయేది కువైట్‌కే కదా, ఆ దేశం ఆ లిస్టులో లేదు. కువైట్ డిక్రీతో నేరుగా ఈపీ వేయలేరు, ఆ తీర్పు ఆధారంగా మూడేండ్ల లోపల ఈడ కొత్తగా దావా వేయాల, అందులోనూ 13వ సెక్షన్ అడ్డం పెట్టొచ్చు.

ఇంక అమెరికా. ఆ చట్టం ఎట్ల వచ్చిందో మెసేజ్ రాసినోళ్ళు చెప్పలేదు. న్యూయార్క్‌లో ఉండే రేచెల్ ఎరెన్‌ఫెల్డ్ అనే ఆమె ఉగ్రవాదానికి డబ్బు ఎట్ల పోతాదో పుస్తకం రాసింది, దాంట్లో ఒక సౌదీ కోటీశ్వరుడి పేరు ఉంది. ఆ పుస్తకం ఇంగ్లాండ్‌లో అచ్చు కూడా కాలేదు, ఇంటర్నెట్‌లో కొనుక్కున్న 23 కాపీలు మాత్రం ఆడికి పోయినాయి, అది చాలు ఆయనకు లండన్‌లో కేసు వేయడానికి. ఆమె పోలేదు, కోర్టు ఆమె మీద నష్టపరిహారం వేసింది. ఆ పోరాటం వల్ల 2008లో న్యూయార్క్ రాష్ట్రం, 2010 ఆగస్టులో అమెరికా మొత్తానికీ చట్టం చేసినారు: తమ రాజ్యాంగం ఇచ్చినంత వాక్ స్వాతంత్య్రం ఇవ్వని తీర్పును తమ కోర్టులు అమలు చేయవు అని. తర్వాత ఇంగ్లాండ్ కూడా 2013లో తన పరువునష్టం చట్టం మార్చుకుంది.

మనకు అంత సూటిగా ఉండే చట్టం లేదు, ఒప్పుకుంటా. 13వ సెక్షన్‌లో వాక్ స్వాతంత్య్రం అనే మాట లేదు, ఉండాల, యూఏఈని లిస్టులో చేర్చిన రోజే దాన్నీ చేర్చి ఉండాల్సింది అని నేను గట్టిగా అంటా. జీతం అడిగిన కూలోడికీ, బిల్డింగులు కట్టే కంపెనీకీ మధ్యలో కోర్టు ఖర్చే పెద్ద ఆయుధం. కానీ ఏ అడ్డమూ లేదనడం అబద్ధం, ఆ అబద్ధం ఎవరికి లాభమో ఆలోచించండి.

మెసేజ్‌లో లేని అసలు ప్రమాదం ఒకటి చెప్తా. మళ్ళా ఆడికి పోవాలనుకునే వాళ్ళు జాగ్రత్త. యూఏఈలో ఆన్‌లైన్‌లో పరువు తీయడం క్రిమినల్ నేరం, ఆ గడ్డ మీద కాలు పెట్టినాక 13వ సెక్షన్ కాపాడదు. ఈడ కూడా ఏజెంట్ మన క్రిమినల్ చట్టం భారతీయ న్యాయ సంహితలో పరువునష్టం సెక్షన్ 356 కింద కేసు పెట్టొచ్చు, రెండేండ్ల దాకా శిక్ష ఉంది, ప్రజల మేలు కోసం చెప్పిన నిజం అయితే అది నేరం కాదు. అందుకే దొంగ, లంగా అని రాయొద్దు, జరిగింది రాయండి.

మావోడి కాంట్రాక్టు కాపీ, బ్యాంకు స్లిప్పులు తెమ్మన్నా. ఆదివారం కూర్చోని మళ్ళా రాస్తాం, ఎన్ని నెలలు, ఎన్ని దిర్హమ్‌లు, ఏ తేదీ నుంచి అని మాత్రమే.