గర్భిణి వంటనూనె ఎవరి బాధ్యత?

మగబిడ్డ పునరుత్పత్తి ఆరోగ్యానికి పునాది తల్లి కడుపులోనే పడుతుంది. గర్భం 8వ వారం ప్రాంతంలో పిండ వృషణాల్లోని లేడిగ్ కణాలు కొలెస్ట్రాల్ ముడిసరుకుగా టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తయారీ మొదలుపెడతాయి. దాదాపు 14వ వారం వరకు సాగే ఈ దశ మగ అవయవాల నిర్మాణానికి కీలకం. అటువంటి సమయంలో తల్లి తినే కొవ్వు ఎలాంటిదన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోరాదు.

గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎలుకలకు కొవ్వు అధికంగా ఉన్న మేత పెట్టిన పలు ప్రయోగాల్లో, వాటి మగపిల్లలకు పెద్దయ్యాక టెస్టోస్టెరాన్, వీర్యకణాలు తగ్గినట్లు తేలింది. కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్ స్థాయులు మారి, మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథి ద్వారా వృషణాలకు అందే ఆదేశాలు గతి తప్పుతాయన్నది శాస్త్రవేత్తలు చెబుతున్న కారణాల్లో ఒకటి. అయితే కొవ్వు రకాన్ని, మోతాదును, తినిపించిన కాలాన్ని బట్టి ఫలితాలు మారాయి. మనుషుల్లో ఇది ఇంకా రుజువు కాలేదు. పిల్లలు కలగకపోతే ముందుగా కోడలినే నిలదీసే సమాజంలో, రేపు కొడుకు హార్మోన్ల లోపానికీ తల్లి తిండినే తప్పుపట్టేందుకు ఈ పరిశోధనలను వాడుకోవడం అన్యాయం. భయంతో కొవ్వు పూర్తిగా మానడమూ ప్రమాదమే. బిడ్డ మెదడుకు, చూపుకు చేపల్లో దొరికే ఒమేగా-3 కొవ్వులు అవసరం.

తల్లి చేతిలో లేనిది బజారు నూనె. గుంటూరు బ్రాడీపేటలో బజ్జీల బండి దగ్గరైనా, విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా బాణలిలోని నూనె ఎన్నిసార్లు కాగిందో కొనేవారికి తెలిసే దారి లేదు. నూనెలు, వనస్పతిలో గుండెకు హాని చేసే ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించరాదన్న నిబంధన 2022 జనవరి నుంచి, వేయించే నూనెలో, అది పదేపదే కాగినకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటరాదన్న నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉన్నాయి. రెండోదాన్ని చేతిలో ఇమిడే మీటరుతో బండి దగ్గరే నిమిషాల్లో తేల్చవచ్చు. ఆహార భద్రతాధికారులు ఆ పరీక్షలు క్రమం తప్పకుండా జరిపి, ఫలితాలను వార్డులవారీగా ప్రకటించాలని కోరుతున్నాము.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు జరిగే పరీక్షల రోజున ఐరన్ మాత్రలతోపాటు నూనె గురించీ చెప్పాలి; ఇంటికి నూనె కొనేది చాలాచోట్ల భర్తో అత్తో కనుక వారినీ కూర్చోబెట్టి చెప్పాలి. పుట్టిన ఒకటి నుంచి మూడు నెలల మధ్య మగశిశువుల్లో టెస్టోస్టెరాన్ సహజంగానే మళ్లీ పెరుగుతుంది. తల్లుల ఆహార వివరాలు నమోదుచేసి, వారి అంగీకారంతో ఆ దశలో శిశువుల హార్మోన్లను కొలిస్తే, పిల్లలు పెద్దయ్యేదాకా ఆగకుండానే మన ప్రాంతానికి చెందిన తొలి ఆధారాలు లభిస్తాయి. ఉభయ నగరాల ప్రభుత్వ వైద్య కళాశాలలు ఈ అధ్యయనాన్ని చేపట్టాలి, ప్రభుత్వం అందుకు నిధులివ్వాలి.