పందొమ్మిది మీటర్ల అన్యాయం

లెక్కలు చెప్పిపోదామని టాంజానియా వెళ్లిన నాకు కొద్దిరోజుల్లోనే సున్నం బస్తా అప్పగించారు. మోషీ పట్టణానికి ఎగువన, కిలిమంజారో వాలులో, అరటితోటల మధ్య ఉన్న ప్రాథమిక పాఠశాల అది. ఆటల పోటీలు దగ్గరపడ్డాయి. "మీరు ఇండియా నుంచి వచ్చారు, పైగా లెక్కల మాస్టారు. గీతలు మీరే గీయాలి" అని ప్రధానోపాధ్యాయుడు తేల్చేశారు. ఆ తర్కంలో లొసుగు ఎక్కడుందో చెప్పేంత స్వాహిలీ నాకు రాదు.

గీతలకన్నా ముందు రంగుల దగ్గరే పేచీ వచ్చింది. దార్ ఎస్ సలామ్‌లో సింబా, యాంగా అని రెండు ఫుట్‌బాల్ క్లబ్బులున్నాయి. 1935లో పుట్టిన యాంగాది పసుపు, ఆకుపచ్చ. ఆ మరుసటి ఏడు పుట్టిన సింబాది ఎరుపు. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్లో కూడా మొగుడిది ఒక క్లబ్బు, పెళ్లానిది ఒక క్లబ్బు. సింబా వీరాభిమాని అయిన నాలుగో తరగతి మాస్టారికి చీటీల్లో పసుపు జట్టు వచ్చింది. జట్టును చూసుకుంటాను కానీ ఆ చొక్కా ఒంటిమీద వేసుకోనన్నారు. ఎర్ర చొక్కాతోనే పసుపు జట్టును నడిపించారు. తన జట్టు ఓడినప్పుడల్లా ఆయన ముఖంలో ఎంత ప్రశాంతతో!

మా మైదానంలో 400 మీటర్ల ట్రాక్ పట్టదు. 200 మీటర్లతో సరిపెట్టుకుని, మేకు పాతి, తాడు కట్టి వంపులు తిప్పాం. అంతర్జాతీయ పోటీల్లో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. చోటు చాలక మేము మీటరుకు కుదించాం. నాలుగు లేన్లు అనుకుంటే రెండింటికే సున్నం నిండుకుంది. మిగతా వాటికి పిల్లలకు జావ కాచే పొయ్యిలోని బూడిద తెచ్చి పోశాం. సంక్రాంతికి మా అమ్మ ముగ్గు వేస్తుంటే గట్టుమీద కూర్చుని వంకలు పెట్టినవాణ్ణి నేను. వంగి గీత గీయడమంటే ఏమిటో ఆ సాయంత్రం నా నడుముకు తెలిసింది.

ఇక అసలు సంగతి. వంపులో బయటి లేన్‌వాడు ఎక్కువ దూరం పరుగెత్తాలి కనుక వాడి ప్రారంభ గీతను ముందుకు జరుపుతారు. ఎంత జరపాలన్నదానికి మైదానం పెద్దదా చిన్నదా అన్నదాంతో నిమిత్తం లేదు. పూర్తి చుట్టు పందెమైతే లేన్ వెడల్పును పై (π) విలువకు రెట్టింపుతో గుణిస్తే చాలు. మీటరు లేన్‌కు 6.28 మీటర్లు. ఆ లెక్కన నాలుగో లేన్ కుర్రవాడు మొదటి లేన్ వాడికన్నా దాదాపు 19 మీటర్లు ముందు నిలబడాలి. టేపుతో కొలిచి, మళ్లీ కొలిచి, హాయిగా నిద్రపోయాను.

పోటీల రోజు పొద్దున్నే కిలిమంజారో దర్శనమిచ్చి, మబ్బు చాటుకు వెళ్లిపోయింది. తాడు లాగుడు సజావుగా జరిగింది. గోనెసంచుల పందెంలో ఒక సంచి చిరిగింది. కోడిని తరిమి పట్టే పందెంలో కోడి గెలిచింది.

200 మీటర్ల పందేనికి నలుగురు పిల్లలు తమ తమ గీతల మీద నిలబడ్డారు. జనం ఒక్కసారిగా గొల్లుమన్నారు. మొదటి లేన్ కుర్రవాడి తాతగారు చేతికర్ర ఊపుకుంటూ ట్రాక్ మధ్యలోకి వచ్చేశారు. నేను వినయంగా "షికమో" అన్నాను. పెద్దలకు పెట్టే నమస్కారం అది. ఆయన "మరహబా" అని పద్ధతిగా అందుకుని, ఊపిరి కూడా తీసుకోకుండా తిట్టడం మొదలుపెట్టారు.

"మా ఫిల్బర్ట్ బాయీ 1974లో క్రైస్ట్‌చర్చ్‌లో 1500 మీటర్ల ప్రపంచ రికార్డు కొట్టాడు. మొదటి నుంచి చివరిదాకా అందరికన్నా ముందున్నాడు. ఆ ముందుండడం కాళ్లతో సంపాదించుకున్నాడు మ్వాలిము (అంటే మాస్టారూ), సున్నంతో కాదు!"

చప్పట్లు మోగాయి. 1500 మీటర్ల పందెంలో లేన్ల గొడవ ఉండదని చెప్పబోయాను. నేల మీద కర్రపుల్లతో రెండు వృత్తాలు గీశాను. తాతగారు వాటిని తొక్కుకుంటూ అవతలికి వెళ్లారు. తాడు తెచ్చి రెండు లేన్లూ కొలిచి చూపిస్తానన్నాను. ఆ తాడును అప్పటికే ఎవరో ఆవును కట్టేయడానికి పట్టుకుపోయారు. చివరికి గ్రామపెద్ద తీర్పు చెప్పారు: అందరూ ఒకే గీత మీద నిలబడాలి, లేన్లు లేవు, న్యాయంగా పరుగెత్తాలి.

ఈల ఊదారు. లేన్లు లేవంటే పిల్లలు ఊరుకుంటారా? ముగ్గురూ లోపలి అంచు కోసం ఎగబడ్డారు. మొదటి వంపు దగ్గర ఎవరి మోచెయ్యి ఎవరికి తగిలిందో గానీ, బూడిద లేచింది. తేరుకుని చూసేసరికి ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. దెబ్బలేమీ తగల్లేదు, నవ్వుతున్నారు కూడా. అందరికన్నా బయట నిలబడ్డ నాలుగో లేన్ కుర్రవాడికి మాత్రం గుంపు అందనే లేదు. వాడు తన దారిన చుట్టు తిరిగి, వెనక్కి చూసి, ఎవరూ రావడం లేదని తెలిసి, చివరి ఇరవై గజాలూ నడిచి గెలిచాడు. పసుపు జట్టు ఎగిరి గంతేసింది. ఎర్ర చొక్కా మాస్టారు కూలబడ్డారు.

మధ్యాహ్నం నేను టీ తాగుతుంటే తాతగారు వచ్చి పక్కన కూర్చున్నారు. సంచిలోంచి రెండు మందాజీలు తీసి నా పళ్లెంలో పెట్టారు. మన తీపి బన్నును నూనెలో వేయించినట్టుండే పిండివంట అది. నేను రెండూ తినేదాకా ఓపికగా ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"సాయంత్రం రిలే ఉందట కదా మ్వాలిము. మా మనవణ్ణి ఆ నాలుగో దాంట్లో వేయండి."