వీపీఎన్ ఇచ్చేస్తే సరిపోదు

అనంతపురం సాయినగర్‌లోనో కమలానగర్‌లోనో మేడ మీద గదిలో కూర్చుని బెంగళూరు కంపెనీలకు పనిచేసేవాళ్లు ఇప్పుడు చాలామందే కనిపిస్తారు. పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిచి, ఇంటి నుంచే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి దారి ఇచ్చే వీపీఎన్ కలుపుతారు. అదే వైఫై మీద టీవీ, పిల్లల ఫోన్లు, గేటు దగ్గరి సీసీ కెమెరా నడుస్తుంటాయి. రూటర్‌కు కనెక్షన్ ఇచ్చిన రోజు పెట్టిన పాస్‌వర్డే ఇంకా ఉంటుంది. కరెంటు పోతే ఫోన్ హాట్‌స్పాట్ ఉండనే ఉంది.

ఇలాంటి చోట 'మా నెట్‌వర్క్ లోపలున్నవాళ్లంతా మనవాళ్లే' అనే పాత లెక్క పనికిరాదు. వీపీఎన్‌తో ఒక్కసారి లోపలికొస్తే, పనితో సంబంధం లేని సర్వర్లు కూడా చాలా కంపెనీల్లో అందుబాటులోకి వచ్చేస్తాయి. 2021 మేలో అమెరికాలో ఇంధనం సరఫరా చేసే కలోనియల్ పైప్‌లైన్ కంపెనీని హ్యాకర్లు దెబ్బకొట్టింది వాడకంలో లేని ఒక వీపీఎన్ ఖాతాతోనే. దానికి పాస్‌వర్డ్ తప్ప మరో తనిఖీ లేదు. ఇంధన సరఫరా రోజుల తరబడి ఆగింది, కంపెనీ హ్యాకర్లకు సుమారు 44 లక్షల డాలర్లు కట్టింది.

దీనికి విరుగుడుగా వచ్చిందే జీరో ట్రస్ట్, అంటే ఎవరినీ ముందే నమ్మేయకూడదన్న పద్ధతి. 2010లో ఫారెస్టర్ అనే పరిశోధన సంస్థ విశ్లేషకుడు జాన్ కిండర్‌వాగ్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. 2009 నాటి సైబర్ దాడి తర్వాత గూగుల్ తన ఉద్యోగులకు ఇదే బాట పట్టింది. ఎక్కడి నుంచి కలిశారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మనిషెవరు, ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్లు ఉన్నాయా, అడిగిన అప్లికేషన్ అతని పనికి అవసరమా అని ప్రతిసారీ చూస్తారు. జీతాల లెక్కలు చూసేవాళ్లకు ఆ అప్లికేషన్ ఒక్కటే తెరుచుకుంటుంది. హాట్‌స్పాట్‌కు మారినా పని ఆగదు. మన ఊళ్లకు సరిగ్గా సరిపోయే పద్ధతి ఇది.

లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో 'అప్రూవ్' నొక్కించుకునే తనిఖీని మాత్రం నేను నమ్మను. 2022 సెప్టెంబరులో ఉబర్ కాంట్రాక్టర్‌కు హ్యాకర్లు ఇలాంటి రిక్వెస్టులే వరసగా పంపి విసిగించారు. చివరికి ఐటీ సిబ్బందిమంటూ వాట్సాప్‌లో నమ్మబలికి నొక్కించారు. పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఉండే డిజిటల్ తాళం చెవి, అంటే పాస్‌కీతో ఆ బెడద ఉండదు. అది అసలు సైట్‌లో తప్ప నకిలీ పేజీలో పనిచేయదు.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో ఉద్యోగి నోరు మెదపకపోతే కంపెనీకి తెలిసేదెప్పుడు? తప్పు లింకు నొక్కానని వెంటనే చెప్పినవాళ్ల మీద చర్య ఉండదని రాతపూర్వకంగా ఇవ్వాలి. సొంత ల్యాప్‌టాప్‌తో సర్దుకోమనకుండా కంపెనీ ల్యాప్‌టాప్ ఇవ్వాలి. ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు మిగుల్చుకున్న యాజమాన్యాలకు ఈ ఖర్చు పెద్ద భారమేమీ కాదు.