టెస్టుకు రాని ఆడవాళ్లదే తప్పా?

"మెక్సికన్ ఆడవాళ్లకు సిగ్గెక్కువ, డాక్టర్ దగ్గరికి రారు, అంతా దేవుడి మీదే భారం వేస్తారు." సర్వైకల్ క్యాన్సర్ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) మాటెత్తితే చాలు, టెక్సాస్‌లో మన తెలుగువాళ్లు కూడా ఇదే అంటారు. నేను పనిచేసే క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హిస్పానిక్ స్త్రీలే, అంటే మెక్సికో లాంటి స్పానిష్ దేశాల మూలాలున్నవాళ్లు. ఈ మాట ఇక వినలేక రాస్తున్నాను.

అమెరికాలో తెల్లజాతి స్త్రీల కంటే వీళ్లకు ఈ క్యాన్సర్ ఎక్కువ వస్తోంది, చావులూ ఎక్కువే. దాదాపు అన్ని కేసులకూ మూలం లైంగిక సంబంధం ద్వారా సోకే హెచ్‌పీవీ వైరస్. అది క్యాన్సర్‌గా ముదరడానికి ఏళ్లు పడుతుంది. 21 దాటాక మూడేళ్లకోసారి పాప్ టెస్ట్ (ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసే పరీక్ష), 30 దాటాక ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ టెస్ట్ చేయించుకుంటే చాలావరకు ముందే పట్టుకోవచ్చు. ఇంత టైమిచ్చే జబ్బుకి కూడా మనుషులు బలైపోతున్నారు.

టెక్సాస్‌లో మెక్సికో సరిహద్దునున్న రియో గ్రాండ్ వ్యాలీ సంగతి చూడండి. 2011లో టెక్సాస్ శాసనసభ కుటుంబ నియంత్రణ నిధుల్లో మూడింట రెండు వంతులు కోసేసింది. రాష్ట్రమంతటా పదుల కొద్దీ క్లినిక్‌లు మూతపడ్డాయి. గర్భనిరోధక మాత్రల కోసం అక్కడికెళ్లి, పనిలో పనిగా పాప్ టెస్ట్ చేయించుకునే పేద ఆడవాళ్లకు దారి మూసుకుపోయింది. పేదవాళ్లకు ఉచితంగా టెస్టులు చేసే కేంద్ర పథకం 1990ల మొదటి నుంచీ ఉంది. అందులో క్యాన్సర్ బయటపడితే మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కింద వైద్యం చేయించేలా 2000లో చట్టమూ వచ్చింది. కానీ దేశంలో ఉండటానికి కాగితాలు లేనివాళ్లకు ఆ వైద్యం వర్తించదు. పోనీ శాన్ ఆంటోనియోకో హ్యూస్టన్‌కో వెళ్దామంటే దారిలో ఫాల్ఫురియాస్ దగ్గరో సరీటా దగ్గరో ఆ కాగితాలు అడిగే బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్ట్. ఇందులో సిగ్గు పాత్ర ఎంత?

సిగ్గు లేదని అనను. హెచ్‌పీవీ 'పాజిటివ్' అనగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న క్యాన్సరా అని కాదు, "మా ఆయన బయట తిరుగుతున్నాడా?" అని. కొందరు ఆ ప్రశ్న కూడా అడగరు, తల దించుకుని పర్సు జిప్పు తీస్తూ వేస్తూ కూర్చుంటారు. మొగుడు తననే అనుమానిస్తాడని భయం. ఈ వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదని, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చలేమని, చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుందని స్పానిష్‌లో నెమ్మదిగా చెప్పాలి. అలా చెబితే ఆమె మళ్లీ వస్తుంది. ఇంగ్లిష్‌లో ఒక ఉత్తరం పోస్టులో పడేసి, రాలేదంటే ఎలా? మన ఆశా వర్కర్లలాగా ఇంటింటికీ తిరిగే ప్రొమోతోరాలు వెళ్లి మాట్లాడిన చోట ఇదే ఆడవాళ్లు టెస్టులకు వస్తున్నారు కదా!

హెచ్‌పీవీ టెస్టుకు శాంపిల్ తానే తీసుకునే పద్ధతికి 2024లో ఆసుపత్రులు, క్లినిక్‌ల్లో, 2025లో ఇంట్లోనూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. నాకు నిజంగా సంతోషమే. మగ డాక్టర్ ముందు పడుకోవాలన్న బెరుకు తప్పుతుంది. కానీ పాజిటివ్ వస్తే కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దది చేసి చూపే పరికరంతో డాక్టర్ చేసే పరీక్ష) మనిషి వెళ్లాల్సిందే. ఆ రోజు కూలి పోతుంది, పిల్లల్ని ఎవరో చూసుకోవాలి, బిల్లు ఎవరు కడతారో తెలియదు.

అందుకే ఉచిత క్యాంపులు పెట్టే మన సంఘాలవాళ్లని ఒకటే అడుగుతున్నాను. రిజల్ట్ తేడాగా వస్తే ఆమెను ఏ డాక్టర్ చూస్తారో, ఖర్చు ఎవరిదో, ఆమెకు ఆమె భాషలో ఫోన్ చేసేది ఎవరో ముందే రాసిపెట్టుకోండి. క్యాంపు తేదీ ఆ తర్వాతే ప్రకటించండి.