అడగకుండా వచ్చిన సాఫ్ట్‌వేర్లకు నా సంపూర్ణ మద్దతు

కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకుని ఆన్ చేయంగానే మనం అడగని సాఫ్ట్‌వేర్లు డజను కనపడతాండాయని కడపలో చానామంది గోల పెడ్తాండారు, ఇది అన్యాయం, అంటే పాపం కంపెనీలకు అన్యాయం. నలభై వేలు మనం కట్టినాం, నిజమే. కానీ ఆ యాంటీవైరస్సోళ్లూ గేములోళ్లూ అందులో చోటు కోసం కంపెనీకి డబ్బులిచ్చింటారు కదా, అదీ మనకంటే ముందే. న్యాయంగా చూస్తే వాళ్లింట్లో మనమే దూరినాం.

ఆ యాంటీవైరస్ మర్యాదే చూడండి. నెల రోజులు ఫ్రీగా కాపలా కాస్తాది, గడువు అయిపోయినాక మనం ఎక్సెల్‌లో అంగడి లెక్కలు రాసుకుంటాంటే కుడిపక్క కింది మూల నుంచి ఎర్రగా లేచొచ్చి 'మీరు ప్రమాదంలో ఉన్నారు' అంటాది. తీసేద్దామని పోతే 'ఉంచండి' అనే బటను పచ్చగా ఇంత లావున ఉంటాది, 'తీసేయండి' అనేది మాత్రం తెల్లటి దాని మీద లేత బూడిద రంగు అక్షరాల్లో, అద్దాలు పెట్టుకుని వెతుక్కోవాల. తీసేసినాక ఎందుకు తీసేసినారో ఫారం కూడా నింపమంటాది.

లెనోవో 2014 చివర్లో కొన్ని ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అని వేసి పంపింది, మనం చూసే పేజీల్లో యాడ్లు దూర్చేదానికి. బ్యాంకు సైటుకూ మనకూ మధ్యలో కూడా కూర్చునేట్టు సొంత సర్టిఫికెట్ (సైటు అసలుదేనని బ్రౌజరుకు చెప్పే గుర్తింపు పత్రం) పెట్టింది, అన్ని మిషన్లకూ ఒకటే కీ, అంటే ఒకటే రహస్య తాళంచెవి. సమానత్వం అంటే అదీ! 2015 ఫిబ్రవరిలో ఆ కీ పాస్‌వర్డు బయటపడి రచ్చ అయింది. సోనీ ఇంకా నిజాయితీ, 2008లో ఈ చెత్త లేని వయో ల్యాప్‌టాప్ కావాలంటే 49.99 డాలర్లు ఎక్కువియ్యండి అనింది, జనం అరిచేసరికి ఫ్రీ చేసేసింది.

కొందరు రీసెట్ కొడతారు, కంపెనీ లోపల దాచిపెట్టిన చోటు నుంచి చానా మటుకు మళ్లీ దిగబడతాయి, తగిన శాస్తి. ఇంకా మొండోళ్లు మైక్రోసాఫ్ట్ సైటులోంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ మళ్లీ శుభ్రంగా వేసుకుంటారు, విండోస్ లైసెన్సు కీ మామూలుగా మదర్‌బోర్డులోనే ఉంటాది కాబట్టి యాక్టివేషన్ దానంతటదే అయిపోతాది, పైసా ఖర్చు లేదు. ఇట్లాంటి అసాంఘిక చర్యలను తీవ్రంగా ఖండిస్తున్నా. (ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి, వైఫై డ్రైవరు ముందే దించి పెట్టుకోండి, ఖండిస్తానే చెప్తాండా.)

పద్ధతి తెలిసినోళ్లు ఏడు రోడ్ల దగ్గర అంగడికి పోతారు. కొన్నరోజు 'ఇవన్నీ ఫ్రీ అన్నా, ముట్టుకోవాకు, వారంటీ పోతాది' అన్న పిల్లోడే ఐదొందలు తీసుకుని అన్నీ పీకేసి, వాల్‌పేపర్ మీద అంగడి పేరూ ఫోన్ నంబరూ వేసి చేతికిస్తాడు.